కుడికాలి చోటు

సంసోను నిద్ర పోతున్నట్టు పడుకున్నాడు గానీ నిద్ర పోవడం లేదు. ఎండాకాలం మధ్యాహ్నం, పందిట్లో నులక మంచం, కుడికాలి కింద రెండు దిండ్లు. మోకాలి కింద ఆ వాపు కాస్త ఊరుకుంటే గదా కన్ను మూతపడడానికి! అయినా కళ్ళు మూసుకునే ఉన్నాడు. మనం కళ్ళు మూసుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు తమ అసలు పనులు మొదలుపెడతారని ఈ వారం రోజుల్లోనే కనిపెట్టాడు.

అనుకున్నట్టే అయింది. అడుగుల చప్పుడు, వెనకే గ్రీజు వాసన. లారీల రిపేరు షెడ్డు నడిపే పిచ్చయ్య ఎక్కడికి వచ్చినా వాడికంటే ముందు ఆ వాసనే వస్తుంది. చిన్నప్పటి నుంచీ స్నేహం. ఎప్పుడొచ్చినా వీధిలోంచే "ఏరా సంసోనూ" అని కేక పెట్టే మనిషి. ఇవాళ కేక లేదు, దగ్గు లేదు. మంచం పక్కకు వచ్చి నిలబడ్డాడు. సంసోను కన్ను సన్నగా తెరిచి చూశాడు. పిచ్చయ్య చేతిలో వెదురు లోడు కట్టే తాడు ఉంది. దాని కొసను తలాపున ఆనించి, వేళ్ళ మధ్య తాడు జారవిడుస్తూ, పిల్లిలాగా కాళ్ళ వైపు పోతున్నాడు.

"ఏం కొలుస్తున్నవ్‌రా?"

పిచ్చయ్య అదిరిపడ్డాడు గానీ తాడు వదల్లేదు. "ఏం లేదురా... మంచం. నులక సాగింది గదా, మళ్ల అల్లిద్దామని చూస్తున్న."

"మంచం కొలిసెటోడు పట్టె కాడ్నించి కొలుస్తడు. నా నెత్తి కాడ్నించి మొదలుపెట్టినవేంది?"

"నీ నెత్తి మంచం మీదనే ఉన్నది గదరా!" అని పిచ్చయ్య నవ్వాడు. తాడు చుట్టుకున్నాడు. చుట్టుకునే ముందు సంసోను మడమల దగ్గరికి వచ్చిన చోట బొటనవేలితో గట్టిగా పట్టుకుని, అక్కడ ముడి వేసుకున్నాడు. సంసోను అది కూడా చూశాడు. వాడి వెనకాల వాకిలి తడిక మూసుకున్నాక లోపలికి కేకేశాడు.

"రిబ్కా! పిచ్చయ్యగాడు మంచం అల్లిస్తడంట. నువ్వు చెప్పినవా?"

లోపల బియ్యం ఏరుతున్న రిబ్కా చేట చప్పుడు ఆగిపోయింది. "అవ్. నేనే చెప్పిన" అంది. ఆ అనడానికి పట్టిన ఆలస్యమే సంసోనుకు నచ్చలేదు. పెళ్ళాం కూడా కలిసిందన్నమాట!

గురువారం ఆపరేషన్. బుధవారం పొద్దున్నే లారీలో బయలుదేరి మిషన్ దవాఖానాలో చేరాలి. హైదరాబాదు పోయి కరెంటు పెట్టించుకుని వచ్చినా ఎముకలో క్యాన్సర్ తగ్గలేదనీ, మోకాలి పైదాకా కాలు తీసేస్తేనే మనిషి దక్కుతాడనీ, తర్వాత సూదులు మొదలుపెడతామనీ డాక్టరమ్మ చెప్పింది. "తీయకపోతే?" అని సంసోను అడిగితే, ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఆర్నెల్లు కూడా కష్టం" అంది. సరే అన్నాడు. సరే అన్నాడే గానీ, ఆ మాట పిచ్చయ్యా, బండి మీద తనతో తిరిగే పూల్‌సింగూ చెరో పక్కన నిలబడి వీపు నిమురుతుంటే వచ్చిన మాట. కాలు లేనివాడికి స్టీరింగ్ లేదు. స్టీరింగ్ లేకపోతే సంసోను ఎవరు? అడవిలోంచి కాగితాల ఫ్యాక్టరీకి వెదురు తోలడం తప్ప వాడికి ఇంకో పని చేతకాదు.

పోయిన శనివారం స్నేహితులిద్దరూ రక్తం ఇవ్వడానికి దవాఖానాకు పోయి వచ్చారు. పోయేటప్పుడు బాగానే పోయారు. వచ్చాకే మొదలైంది ఈ గుసగుస. వాళ్ళకు అక్కడ ఎవరో ఏదో చెప్పారు. తనకు చెప్పనిది ఏదో.

సాయంత్రం సంసోను తోలే లారీ వచ్చింది. మలుపు దగ్గర గేరు మార్చిన తీరును బట్టే తోలేది పూల్‌సింగ్ అని తెలిసిపోతుంది. గేరు వేసే ముందు ఇంజన్‌ను ఒకసారి అనవసరంగా గుర్రుమనిపిస్తాడు. తండా పిల్లవాడిగా వచ్చి, ఏళ్ళ తరబడి సంసోను దగ్గర క్లీనరుగా చేసి, మీసాలు తిప్పే వయసొచ్చాక లైసెన్సు తీసుకున్నాడు. సంసోను మంచాన పడ్డ రోజు నుంచీ వాడే ఆ సీట్లో కూర్చుంటున్నాడు. వచ్చినప్పుడల్లా ఒకటే మాట.

"నీ సీటు నీదే ఉస్తాద్. నేను ఊకె కూసుంటున్న."

అడగని మాటను అన్నిసార్లు చెప్పేవాణ్ణి ఎవరు నమ్ముతారు? సంసోను మొదట్లో నమ్మాడు. ఇప్పుడు నమ్మడం మానేశాడు.

పూల్‌సింగ్ క్యాబిన్ దిగి, కడుక్కోవడానికని గడపార, పార తీసి గాబు దగ్గర పడేశాడు. రెండిటికీ ఎర్రమట్టి. వాడి కాళ్ళకు మోకాళ్ళ దాకా ఎర్రమట్టి.

"ఏడ తవ్వినవ్?"

"బండి దిగబడ్డది ఉస్తాద్. వాగుల."

"వాగుల తెల్ల ఇసుక గదరా. ఎర్రమట్టి ఎట్లొచ్చింది?"

పూల్‌సింగ్ తన కాళ్ళ వైపు తానే కొత్తగా చూసుకున్నాడు. "ఒడ్డు మీద" అన్నాడు.

సంసోను పళ్ళు కొరికాడు. వెదురు కింద టేకు దుంగలు దాచి తోలేవాళ్ళ సంగతి అతనికి తెలియనిది కాదు. గుంత తీసి దాచిపెట్టడం, అదను చూసి లోడులో వెయ్యడం. ఫారెస్టువాళ్ళు పట్టుకుంటే అందరూ చెప్పేది సంసోను బండి అనే. మంచాన పడ్డవాడి పేరు మీద దొంగతనం! ఇంతకంటే మంచి అవకాశం దొరుకుతుందా?

"టేకు దాస్తున్నరారా ఇద్దరు?"

పూల్‌సింగ్ గబగబా వచ్చి మంచం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "నీ కాళ్ళు ముట్టి చెప్తున్న ఉస్తాద్, టేకు గాదు. దొంగ పని గాదు." అలా అంటూ పాదాల మీద చెయ్యి పెట్టబోయాడు. ఎడమ పాదం ముట్టాడు. కుడి పాదం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి గాలిలోనే ఆగింది. దాని వైపు చూసి కళ్ళు తిప్పుకున్నాడు. గాబు దగ్గరికి పోయి, మొహం మీద అదే పనిగా నీళ్ళు కొట్టుకున్నాడు.

టేకు గాదు. మరి ఏంది? సంసోనుకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున సైకిలు మీద పాస్టరు దేవసహాయం గారు వచ్చారు. ఏలూరు వైపు మనిషి, మాట నెమ్మది. ఆపరేషన్ ముందు ప్రార్థన చేద్దామన్నారు. రిబ్కా ముసుగు సర్దుకుని మోకరించింది. సంసోను మంచం మీదే చేతులు కట్టుకున్నాడు. అయ్యగారి ప్రార్థన ఎప్పుడూ చాలా దూరం పోతుంది. వానలూ పంటలూ ప్రధానమంత్రీ అందరూ వస్తారు. ఇవాళ చప్పున ముగించి, ఆమెన్ అన్నాక కూడా లేవకుండా కూర్చున్నారు.

"బాబూ, మీ అమ్మగారి సమాధి ఆఖరి వరసలో, రేగుచెట్టు వైపు ఉన్నదేనా? కొయ్య శిలువలన్నీ చెదలు తినేశాయి గదా, సరిగ్గా ఆనవాలు పట్టలేకపోతున్నాం."

"అదే అయ్యగారూ. రేగుచెట్టు దిక్కుదే."

"ఆ పక్కన చోటు ఖాళీయేనా?"

"ఖాళీయే" అన్నాడు సంసోను. అన్నాక గభాల్న మోచేతి మీద లేచాడు. "ఎందుకయ్యగారూ?"

"అయ్యగారూ, చాయ్ సల్లారిపోతుంది" అంది రిబ్కా. చాయ్ ఇంకా పొయ్యి మీదే ఉంది.

ఆయన చాయ్ తాగకుండానే సైకిలెక్కారు. సంసోను మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. తాడు. గడపార. అమ్మ పక్కన చోటు. ఇంకా విప్పి చెప్పే మనిషి ఎందుకు? ఎర్రమట్టి ఊరికి దగ్గర్లో ఉన్నది ఒక్క గుట్ట మీదే. గుట్ట మీద ఉన్నది సమాధుల తోట. ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోతుందని దవాఖానావాళ్ళు ఆ ఇద్దరికీ చెప్పేశారు. చెప్తే తను రాడని దాచిపెట్టి, ముందే గుంత తీసి ఉంచుతున్నారు. బతికున్న మనిషికి! నిద్రలో కొలిచి మరీ!

"రిబ్కా, ఇట్ల రా. బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పు. గుట్ట మీద ఏం తవ్వుతున్నరు?"

రిబ్కా దగ్గరికి వచ్చింది గానీ చెయ్యి మాత్రం కొంగులోనే ఉంచుకుంది. "ఆపరేషన్ అయ్యేదాక నన్ను ఏం అడగకు. మాటిచ్చిన."

"అయినంక ఎవర్ని అడగాలె? అడగనీకి నేనుంటనా?"

"గట్ల మాట్లాడకు!"

"నేను పోను" అన్నాడు సంసోను. "రేపు బండి రానియ్, ఎల్లుండి రానియ్. నేను ఎక్క. ఎట్లయిన సచ్చుడే అయితే రెండు కాళ్ళతోని సస్త. మీరు తవ్వుకున్న గుంతల మీరే పడున్రి."

రిబ్కా ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. చేతిలోని గ్లాసు నేలకేసి కొట్టింది. "నీకు మనుషులు అక్కరలేదు! అనుమానం ఉంటే సాలు. అనుమానాన్నే పక్కల పండబెట్టుకో!" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె అంత గొంతు ఎత్తడం అతనెప్పుడూ వినలేదు. ఆ రోజంతా ఇద్దరి మధ్యా మాట లేదు. రాత్రి ఆమె తన బట్టలూ, అతని బట్టలూ, దుప్పటీ మూట కట్టి గుమ్మం పక్కన పెట్టింది. అతను ఆ మూట వైపు చూడలేదు.

బుధవారం తెల్లవారుతుండగా రిబ్కా బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది. సంసోను వెదురు కర్ర అందుకుని లేచాడు. లారీ వచ్చేలోగా గుట్ట మీదికి పోవాలి. కళ్ళారా చూడాలి. చూసి, ఆ ఇద్దర్నీ అక్కడే నిలబెట్టి కడగాలి.

గుట్ట అంటే పెద్దదేం కాదు. మామూలుగా అయితే బీడీ ముట్టించి ఆర్పేలోగా ఎక్కేయొచ్చు. ఇప్పుడు కుడికాలు నేల మీద ఆనితే చాలు, ఎముక లోపలి నుంచి నొప్పి నడుం దాకా పొడుచుకొస్తోంది. కర్ర ముందుకు వేయడం, ఎడమకాలితో గెంతడం, ఆగడం, బూతులు తిట్టుకోవడం. బూతులన్నీ స్నేహితులకే. తునికాకు కోతకు పోతున్న ఆడవాళ్ళు ఎదురై, "ఏడికి అన్నా, గీ కాలుతోని?" అని అడిగారు. "నా ఇల్లు సూసుకోనీకి" అన్నాడు. వాళ్ళకు అర్థం కాక నవ్వేసి పోయారు.

గుట్ట మలుపులో అతని లారీయే ఆగి ఉంది. పైనుంచి గడపార చప్పుడు. మాటలు.

"గింత పొడుగు సాలదే. మోకాలి పైదాక అన్నరు గద."

"ఇంక జానెడు తవ్వు. జల్దీ, వాడు లేసే టైమయింది."

సంసోను రేగుచెట్టు పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ సమాధి పక్కన నేలంతా శుభ్రంగా చెక్కి ఉంది. దాని మీద సున్నంతో నలుపలకల గీత గీశారు, నిలువెత్తు మనిషి పట్టేంత. తాడు కొలత. గీత పక్కనే వంగి పూల్‌సింగ్ తవ్వుతున్నాడు. సున్నం డబ్బా పట్టుకుని పిచ్చయ్య గట్టు మీద కూర్చున్నాడు.

"నేను ఇంక సావలేదురా!"

గుట్టంతా మోగింది ఆ కేక. పూల్‌సింగ్ చేతిలోంచి గడపార జారింది. పిచ్చయ్య లేవబోయి సున్నం ఒలకబోసుకున్నాడు.

"ఎట్లొచ్చినవ్‌రా ఇంత దూరం? కూసో, ముందుగాల కూసో..."

"ముట్టకు! కొలిచినవ్ గద, తవ్వినవ్ గద, ఇంక నన్ను కూసోబెట్టుడెందుకు? పడుకోబెట్టు!" సంసోను కర్రతో గీత మీద కొట్టాడు. "డాక్టరమ్మ ఏం చెప్పింది మీకు? బల్ల మీదనే పోతనని చెప్పిందా? చెప్పున్రి! నోట్ల మట్టి కొట్టుకున్నరా?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి పూల్‌సింగే తల వంచుకుని అన్నాడు.

"గుంత సూడు ఉస్తాద్. నువ్వు పడతవా అందుల?"

సంసోను అప్పుడు చూశాడు. సున్నం గీత మనిషంత ఉంది గానీ దాని లోపల ఎవరూ గడపార వెయ్యలేదు. తవ్వింది గీత పక్కన, కాళ్ళ కొసన, చిన్న గుంత. పసిపిల్లవాణ్ణి పెట్టేంత.

"ఇది ఎవరికి?"

"కాలుకు" అన్నాడు పిచ్చయ్య.

చెప్పడం కూడా వాడే మొదలుపెట్టాడు. మొదలుపెట్టాక ఆపలేకపోయాడు. "రక్తమియ్యనీకి పోయినప్పుడు కాంపౌండరు చెప్పిండురా. తీసిన కాలు మీకే ఇస్తం, మీరే ఏదన్న చేసుకోవాలె అని. మాకు దిమ్మ తిరిగింది. మా దాంట్లయితే కాలబెడ్తం. పూల్‌సింగోళ్ళ దాంట్ల ఇంకోతీరు. మీ దాంట్ల ఏం చేస్తరో మాకేం తెల్సు? నిన్ను అడగనీకి నోరు రాలే. అందుకే అయ్యగారి కాడికి పోయినం."

"ఆయన మొదలు ఒప్పుకోలే" అన్నాడు పూల్‌సింగ్. "మనిషి బతికుండంగ కాలుకు సమాధేంది, ప్రార్థనేంది అన్నడు. నేనే అడిగిన. మా ఉస్తాద్ ఘాట్ల బండి తోలుకుంట ఎన్నిసార్లు చెప్పిండు అయ్యగారూ, ఆఖరి దినం నాడు బూర ఊదంగనే అందరు సమాధుల్లకెంచి లేస్తరని. అప్పుడు ఈయన ఒక దిక్కు, కాలు ఒక దిక్కు ఉంటే ఎట్ల? అంత మందిల దేవులాడుకోవాల్నా? కుంటుకుంట పోవాల్నా మీ దేవుని కాడికి?"

"అయ్యగారు ఏమన్నడు?"

"చాలాసేపు ఏమనలే. తర్వాత అమ్మ సమాధి ఏది అని అడిగిండు."

అయినా సంసోను అనుమానం అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "మరి గీ పెద్ద గీత ఎందుకు? నన్ను కొలుసుడెందుకు?"

"నువ్వు ఎప్పుడో పండుకునే చోటు తెల్వకుంటే కాలు ఎక్కడ పెట్టాల్నో ఎట్ల తెలుస్తదిరా?" పిచ్చయ్యకు కోపం వచ్చింది. "కాలు కాలు జాగల ఉండద్దా? ఎక్కడ్నో పెడితే అయితదా? సున్నమే గద, ఒక వానకు పోతది. బుర్ర పెట్టి ఆలోచించు. నువ్వు సస్తవని తెల్సినోళ్ళం మూరెడు గుంత ఎందుకు తవ్వుతం? నువ్వు బతుకుతవనే గద కాలు పట్టేటంతనే తవ్వినం!"

ఆ మాటకు సంసోను కర్ర వదిలేశాడు. అమ్మ సమాధి గట్టు మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని, దాచుకోకుండా ఏడ్చాడు. వారం నుంచి వీళ్ళను ఎన్నెన్ని అనుకున్నాడు! సీటు దొంగలన్నాడు, టేకు దొంగలన్నాడు. వీళ్ళు ఎండలో గుట్టెక్కి తవ్వింది తన కాలు దిక్కులేకుండా పోకూడదని. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. పిచ్చయ్య వచ్చి పక్కన కూర్చుని, సున్నం చేతులతోనే వీపు నిమిరాడు. పూల్‌సింగ్ దూరంగా నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాడు.

ఏడుపు నెమ్మదించాక సంసోను మొహం తుడుచుకుని గుంత వైపు చూశాడు. సున్నం గీత వైపు చూశాడు. మళ్ళీ గుంత వైపు చూశాడు.

"నా తల ఎటు పెడతర్రా?"

"పడమర దిక్కు" అన్నాడు పూల్‌సింగ్. "మీ అందరివి గట్లనే ఉన్నయ్ గద. అన్నీ చూసే గీసినం."

"మరి నేను తూర్పు మొగాన లేసి నిలబడితే కుడికాలు ఎటొస్తది?"

పూల్‌సింగ్ దగ్గరికి వచ్చి, గీత మధ్యలో తూర్పుకు తిరిగి నిలబడ్డాడు. తన కుడికాలు చూసుకున్నాడు. గుంత చూశాడు. గుంత ఎడమ పక్కన ఉంది. వాడి మొహం పాలిపోయింది.

"నీ ఎదురుంగ నిలబడి చూసినవ్" అన్నాడు సంసోను. "నీ కుడిపక్కను నా కుడిపక్క అనుకున్నవ్. బండి రివర్స్ చెప్పేటప్పుడు గూడ నీది ఇదే కత. ఎన్ని గోడలు గుద్దిపిచ్చినవ్‌రా నాతోని!"

"రెండు రోజులు! రెండు రోజుల సంది తవ్వుతున్నడు!" పిచ్చయ్య నెత్తి కొట్టుకున్నాడు. "నేనన్న సూసుకోవద్దా? ఇద్దరం ఇద్దరమే దొరికినం."

ముందు పూల్‌సింగ్ నవ్వాడో పిచ్చయ్య నవ్వాడో తెలియదు. సంసోను మాత్రం కాలు సలుపుతున్నా నవ్వు ఆపుకోలేకపోయాడు. గుట్ట కింద నుంచి ఎవరో "సంసోనన్నా!" అని కేకేస్తున్నారు. రిబ్కా పంపిన మనిషయి ఉంటాడు. "వస్తున్నం! బట్టల మూట బండి కాడికి తెమ్మను!" అని సంసోనే గట్టిగా బదులిచ్చాడు.

పూల్‌సింగ్ పాత గుంత పూడ్చి, గీతకు దక్షిణం పక్కన గడపార వేశాడు. మొరం నేల గట్టిది. దెబ్బ దెబ్బకూ రాళ్ళు లేస్తున్నాయి. పిచ్చయ్య చేతులతో మట్టి తోడి పక్కకు పోస్తున్నాడు. సంసోను గట్టు మీద కూర్చుని, జబ్బుకాలు చాపుకుని చూస్తున్నాడు. ఎంత లోతు చాలునో అతనే చెప్పాడు. అడుగున రాళ్ళు ఏరేయమని అతనే చెప్పాడు. గుంత పూర్తయ్యాక పూల్‌సింగ్ మట్టి చేతులు దులుపుకుని, ఇంకేమన్నా చెయ్యాలా అన్నట్టు చూశాడు.

సంసోను చాపుకున్న కాలు మీద చెయ్యి వేశాడు.

"ఇసిరెయ్యకున్రి" అన్నాడు. "బ్రేకు తొక్కిన కాలురా ఇది. మనల్ని ఎన్ని లోయలల్ల పడకుంట ఆపిందో మీకెరికే. మెల్లగ పెట్టున్రి."

పూల్‌సింగ్ తల ఊపాడు. ఇద్దరూ చెరో పక్కన చేతులు వేసి అతన్ని లేపారు.